విజయనగరం నేలలోకి ఏసీ వేడి దించాలంటే

మా పని విజయనగరంలో ఏసీలు, కోల్డ్ రూములు బిగించడం. ఈమధ్య కొత్తగా భవనాలు కట్టేవాళ్లు యూట్యూబ్‌లో స్వీడన్, జర్మనీ వీడియోలు చూసి వస్తున్నారు. "భూమిలో పైపులు వేస్తే ఏసీ బిల్లు పోతుందట కదండీ, మాకూ పెట్టేయండి" అంటారు. దాని పేరు గ్రౌండ్ సోర్స్ హీట్ పంపు. మన దగ్గరా పెట్టొచ్చు, కానీ ఆ వీడియోలో చూపించినట్టు కాదు. ఎలా పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో రాస్తున్నాను.

నేలలో ముప్పై నలభై అడుగులు దాటితే ఎండాకాలం, చలికాలం అన్న తేడా ఉండదు. అక్కడి వేడి ఆ ఊరి ఏడాది సగటుకు దగ్గరగా నిలిచిపోతుంది. స్టాక్‌హోమ్‌లో అది 8 డిగ్రీల దగ్గర. విజయనగరం, శ్రీకాకుళంలో 27 నుంచి 29. మొత్తం తేడా ఇక్కడే ఉంది. వాళ్లు వేసవిలో బోరులోంచి తిరిగొచ్చిన నీళ్లను నేరుగా గచ్చు కింది పైపుల్లో తిప్పితే గది చల్లబడుతుంది. మనం 28 డిగ్రీల నీళ్లు తిప్పితే ఏమీ అవదు. మిషను పెట్టి ఆ నీళ్లను 20కి దించి గచ్చులో తిప్పినా కష్టమే, ఎందుకంటే మే నెలలో మన గాలిలో తడి 25, 26 డిగ్రీల దగ్గరే నీరుగా మారిపోతుంది. గచ్చంతా చెమటలు పట్టి మనుషులు జారిపడతారు. కాబట్టి మన దగ్గర కంప్రెసరు ఉండాల్సిందే, తడి పిండే కాయిల్ ఉండాల్సిందే. ఆ కంప్రెసరు బయటికి నెట్టే వేడిని గాలిలోకి వదలకుండా, బోర్లలో దించిన పైపుల్లో తిరిగే నీళ్ల ద్వారా నేలలోకి వదలడమే మనం చేసే మార్పు.

దానివల్ల ఎంత మిగులుతుంది? బయట గాలి 36 డిగ్రీలున్నప్పుడు మామూలు ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌లో గ్యాసు 48, 50 డిగ్రీల దగ్గర ద్రవంగా మారుతుంది. ఏసీ వేడిని నేలలో దించి తిరిగొచ్చే నీళ్లు 33 దగ్గర ఉంటే అదే పని 41, 42 దగ్గర అయిపోతుంది. ఈ డిగ్రీ ఒక్కటి తగ్గితే కంప్రెసరు కరెంటు రెండు మూడు శాతం తగ్గుతుందని మా పనిలో లెక్క. అంటే మొత్తం మీద ఐదో వంతు. అందులోంచి నీళ్లు తిప్పే పంపు ఖర్చు తీసేయాలి. ఎవరైనా డెబ్భై శాతం మిగులుతుందని చెబితే అది మన ఊరి లెక్క కాదు.

మరి ఎందుకు పెట్టుకోవాలి అంటే నాకు రెండు కారణాలు బలంగా కనిపిస్తాయి. ఒకటి, బయట అవుట్‌డోర్ యూనిట్ ఉండదు. కళింగపట్నం, భావనపాడు లాంటి చోట్ల ఉప్పుగాలికి అల్యూమినియం రెక్కలు పొడిపొడిగా రాలిపోతాయి. 2018లో తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటినప్పుడు గోడల మీద, డాబాల మీద ఉన్న సామానుకు ఏమైందో ఆ వైపు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. రెండోది వేడినీళ్లు. కంప్రెసరు ఎలాగూ పారేసే వేడితో గీజరు పని జరిగిపోతుంది. ఆస్పత్రి, హోటలు, హాస్టలు కట్టేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

బోరు బండిని పిలిచే ముందు

రాజాంలో ఒక డాక్టరు గారు ముప్పై పడకల నర్సింగ్ హోము ప్లాను తెచ్చి చూపించారు. ఏసీ వేసే జాగా 2,400 చదరపు అడుగులు. మన బజారులో అందరూ వేసే కాకిలెక్క ప్రకారం 120 అడుగులకో టన్ను, అంటే 20 టన్నులు. "సార్, ముందు డాబా సంగతి చూద్దాం, బోర్ల సంగతి తర్వాత" అన్నాను. ఆయనకు నచ్చలేదు. ఆయన వచ్చింది బోర్ల కోసం మరి.

కాగితం మీద లెక్క వేసి చూపిస్తే ఒప్పుకున్నారు. మన వైపు ఒక టన్ను ఏసీ వేడిని నేలలోకి పంపడానికి 300 నుంచి 400 అడుగుల బోరు కావాలి. బోరు, పైపు, బోరును తిరిగి పూడ్చే పని కలిపితే టన్నుకు అయ్యే ఖర్చు ఒక మంచి ఇన్వర్టర్ ఏసీ ధర దాటిపోతుంది. అందుకే భవనంలో తగ్గించిన ప్రతి టన్నూ అక్కడికక్కడే డబ్బు. మామూలు ఏసీ విషయంలో డాబాకు పెట్టిన ఖర్చు ఏళ్ల మీద బిల్లులో తిరిగొస్తుంది. ఇక్కడ బోరు బండి మీటరు దగ్గరే తిరిగొచ్చేస్తుంది.

ముందు శ్లాబు. ఇళ్లకు కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహితలో పైకప్పు గుండా వేడి దిగే రేటు చదరపు మీటరుకు, డిగ్రీకి 1.2 వాట్లు దాటకూడదని ఉంది. మనం వేసే ఉత్త శ్లాబు అంతకు రెండింతల పైనే దించుతుంది. శ్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్, దాని మీద రెండంగుళాల ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరీన్ బోర్డు, ఆపైన కాంక్రీటు పొర, తెల్ల టైల్స్ ముక్కలు వేస్తే ఆ రేటు అర వాటుకు దిగిపోతుంది. మామూలు థర్మోకోల్ షీటు వేయొద్దు, మనుషులు తిరిగితే అణిగిపోతుంది, నీరు కూడా పీలుస్తుంది.

తర్వాత పడమర గోడ. సాయంత్రం ఎండకు సన్‌షేడు పనికిరాదు. నాలుగు దాటాక సూర్యుడు కిందికి దిగి సన్‌షేడు కిందనుంచే లోపలికి వస్తాడు. అటువైపు మెట్లు, స్టోరు, బాత్‌రూములు పెట్టించండి, లేదా వరండా వదలండి. కిటికీ తప్పదంటే నిలువు రెక్కలు కట్టించాలి. ఇక ఆస్పత్రిలో బయటి గాలి తీసుకోక తప్పదు కదా, దాన్ని లోపలి నుంచి పోయే చల్లగాలి పక్కనుంచి పంపే ఎనర్జీ రికవరీ యూనిట్ గుండా తీసుకుంటే మన తడి గాలి వల్ల ఏసీ మీద పడే భారం బాగా తగ్గుతుంది. పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ గదికి వేరే ఎగ్జాస్టు. ఇవన్నీ చేశాక 20 టన్నులు 12కి వచ్చాయి.

నేల ఏం చెబుతుందో చూడండి

మీ నేల ఎంత వెచ్చగా ఉందో తెలుసుకోవడం చాలా సులువు. పక్కనే నడుస్తున్న బోరు ఉంటే మోటారు వేసి పావుగంట వదిలి, పైపులో నిలిచిన నీళ్లన్నీ పోయాక మూతి దగ్గర థర్మామీటరు పెట్టండి. ట్యాంకులోని నీళ్లు కొలవొద్దు, అవి ఎండకు కాగి ఉంటాయి.

రాయి సంగతి ఆ ఊళ్లో బోర్లు వేసిన బండి వాళ్లకు తెలుస్తుంది. కేసింగు ఎన్ని అడుగులు దిగింది, గట్టిరాయి ఎక్కడ తగిలింది, ఈ రెండూ అడగండి. విజయనగరం, బొబ్బిలి, గరివిడి వైపు ఎర్రమట్టి, కుళ్లిన రాయి దాటాక ఖొండలైటు, చార్నొకైటు అనే గట్టిరాళ్లు వస్తాయి. గట్టిరాయి వేడిని బాగా లాక్కుంటుంది, అది మన అదృష్టం. నాగావళి, వంశధార ఒడ్డున ఇసుక. నీళ్లతో తడిసిన ఇసుక పరవాలేదు. ఎండు ఇసుక మాత్రం వేడిని అసలు కదలనివ్వదు, పైగా బోరు గోడలు కూలిపోతాయి కాబట్టి కేసింగు ఖర్చు పెరుగుతుంది.

పది టన్నులు దాటిన పనికి నేలను పరీక్షించకుండా ముందుకు వెళ్లొద్దు. మొదటి బోరు వేసి పైపు దించాక, మొదట వేడి పెట్టకుండా అరగంట నీళ్లు తిప్పితే నేల అసలు వేడి తెలుస్తుంది. ఆ తర్వాత 6 కిలోవాట్ల హీటరు గుండా కనీసం రెండు రోజులు ఆపకుండా నీళ్లు తిప్పుతూ వెళ్లే నీళ్ల వేడి, వచ్చే నీళ్ల వేడి రాసుకోవాలి. ఆ అంకెలతో గీసిన గీత ఎంత నిటారుగా లేస్తే నేల అంత పనికిరానిది. మధ్యలో కరెంటు పోతే పరీక్ష చెడిపోయినట్టే, నేల మళ్లీ చల్లారే దాకా ఆగాలి. జనరేటరు పక్కన పెట్టుకునే మొదలెట్టండి.

బోరు, పైపు

మామూలు ఆరున్నర అంగుళాల బోరు చాలు. కొబ్బరికాయ చేత్తో పట్టుకుని జలం చూసే మనిషి అక్కర్లేదు. నీళ్లు పడినా పడకపోయినా మనకు పని జరుగుతుంది, పడితే ఇంకా మంచిది. రాజాంలో బండి నడుస్తుంటే డాక్టరు గారి అమ్మగారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "ఏటి నాయినా, నీళ్లు పడని బోరుకి కూడా డబ్బులిస్తారేటి?" అని ఆవిడ బెంగ. పొలంలో నీళ్లు పడక వదిలేసిన పాత బోరు ఉంటే, కూలకుండా లోతుందేమో బరువు కట్టిన తాడు దించి చూసుకోండి, అదీ వాడుకోవచ్చు.

నీళ్లు తోడకపోయినా బోరు బోరే. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం ఉంది, అనుమతి ముందే తీసుకోండి. దగ్గర్లో ఊరి తాగునీటి బోరు ఉంటే 250 మీటర్ల దూరం సంగతి మరీ చూసుకోవాలి.

లోపల దించేది పీఈ 100 రకం హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు, 32 లేదా 40 మిల్లీమీటర్లు, అడుగున ఫ్యాక్టరీలో అతికిన యు బెండుతో. బోరు లోపల సైటులో వేసిన అతుకు ఒక్కటి కూడా ఉండకూడదు. పీవీసీ పైపు, సొల్యూషన్ అతుకులు చవగ్గా అవుతాయని ప్లంబర్లు చెబుతారు, వినొద్దు. ఒకసారి పూడ్చాక ఆ పైపు మళ్లీ బయటికి రాదు. దించే ముందు నీళ్లు నింపి 6 బార్ ఒత్తిడి పెట్టి చూడండి, దించాక మళ్లీ చూడండి. నీళ్లు నింపిన పైపయితే దిగడం కూడా సులువు.

ఇక పూడిక. బండి వాళ్లు పైనుంచి రాతిపొడి పోసేసి వెళ్లిపోతామంటారు. అలా పోస్తే మధ్యలో ఎక్కడో ఇరుక్కుని కింద గాలి ఖాళీ మిగులుతుంది. గాలి ఉన్నచోట వేడి దాటదు. బెంటోనైటు అనే బంకమట్టి, సన్న సిలికా ఇసుక కలిపిన జావను ఒక సన్న పైపుతో అడుగు నుంచి పైకి నింపుకుంటూ రావాలి. ఉప్పునీటి పొర, మంచినీటి పొర ఉన్న తీరప్రాంతంలో ఇది ఇంకా ముఖ్యం, లేకపోతే మన బోరు గుండా ఉప్పు మంచినీటిలోకి దిగి చుట్టుపక్కల బావులన్నీ పాడవుతాయి.

యూరప్ బ్రోచర్లు చూసి నీళ్లలో గ్లైకాల్ కలపమని కొందరు ఇంజనీర్లు రాస్తారు. అది గడ్డకట్టకుండా ఉండడానికి. రాజాంలో ఏం గడ్డకడుతుంది? తుప్పు పట్టనివ్వని మందు కలిపిన మంచినీళ్లు చాలు.

వేడి పేరుకుపోకుండా

అన్నిటికంటే ఎక్కువ బుర్ర పెట్టాల్సింది ఇక్కడే. చలి దేశాల్లో వేసవిలో నేలలోకి పంపిన వేడిని చలికాలంలో మళ్లీ లాగేసుకుంటారు. ఇచ్చిపుచ్చుకోవడంలో నేల ఏటా మొదటికి వస్తుంది. మనకు గది వెచ్చబెట్టే అవసరమే లేదు. పన్నెండు నెలలూ నేలకు ఇవ్వడమే, తీసుకోవడం లేదు.

లెక్క చూడండి. 12 టన్నుల ఏసీ పూర్తిగా నడిస్తే కంప్రెసరు వేడితో కలిపి 52 కిలోవాట్లు నేలలోకి వెళ్తుంది. ఏడాదిలో పూర్తి లోడుతో 1,500 గంటలు నడిచినంత వాడకం ఉందనుకుంటే 78,000 యూనిట్ల వేడి. వంద మీటర్ల లోతు బోర్లు 12, ఏడేసి మీటర్ల దూరంలో గుంపుగా వేశామనుకోండి. ఆ రాతి ముద్ద మొత్తాన్ని ఒక డిగ్రీ పెంచడానికి సుమారు 36,000 యూనిట్లు పడుతుంది. అంటే వేడి ఎటూ పోకపోతే ఏడాదికి రెండు డిగ్రీలు. అంచుల నుంచి కొంత పోతుంది కాబట్టి అంత పెరగదు. కానీ అందులో సగం పెరిగినా నాలుగైదేళ్లలో బోరు నీళ్లు బయటి గాలంత వేడెక్కుతాయి. అప్పుడు మీరు లక్షలు పోసి భూమిలో ఒక మామూలు ఏసీని పాతిపెట్టినట్టే. మొదటి రెండేళ్ల బిల్లు చూసి మురిసిపోయేవాళ్లకు ఈ సంగతి కనపడదు.

దీనికి చేయాల్సినవి: బోర్లను గుంపుగా కాకుండా ప్రహరీ వెంట ఒకే వరుసలో వేయండి, వేడి రెండు వైపులకూ పారిపోతుంది. రాజాంలో రెండు ప్రహరీల వెంట ఎల్ ఆకారంలో 330 అడుగుల బోర్లు ఎనిమిది వేశాం. ఒక్కో బోరు మధ్య 23 అడుగులు. అవి మోసేది ఉన్న వేడిలో మూడొంతుల్లో రెండొంతుల లోపే. మిగతాది డాబా మీద చిన్న కూలింగ్ టవరు, అంటే నీళ్లను గాలికి చల్లార్చే టవరు, మోస్తుంది. ఈ టవరు అసలు ఉపయోగం ఎండాకాలంలో కాదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో విజయనగరం వైపు గాలి 17, 18కి దిగుతుంది కదా. ఆ రాత్రుల్లో ఏసీ నడవకపోయినా టవరునూ బోర్ల నీళ్లనూ తిప్పుతూ ఉంటే 22, 23 డిగ్రీల నీళ్లు రాత్రంతా బోర్లలోకి వెళ్తాయి. ఏడాది పొడుగునా మింగిన వేడిని నేల అప్పుడు కక్కుతుంది. టవరు నీళ్లు, బోర్ల నీళ్లు కలవకూడదు, మధ్యలో నీళ్లను కలవనివ్వకుండా వేడిని మాత్రం దాటించే ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజరు పెట్టాలి. టవరు నీళ్లలో దుమ్ము, పాచి ఉంటాయి.

ఇంకోటి వేడినీళ్లు. కంప్రెసరు నుంచి వేడిగా వచ్చే గ్యాసును బోర్ల కంటే ముందు వేడినీళ్ల ట్యాంకు గుండా పంపే భాగాన్ని డీసూపర్‌హీటర్ అంటారు. ఆ నర్సింగ్ హోముకు రోజుకు వెయ్యి లీటర్లు కావాలి. 27 నుంచి 55 డిగ్రీలకు కాచడానికి సుమారు 32 యూనిట్లు. ఏడాదికి దాదాపు 12,000 యూనిట్ల వేడి నేల మీద పడకుండా పోయింది, గీజరు కరెంటూ మిగిలింది.

మిషను, పంపు

కేటలాగులో పెద్ద అక్షరాలతో ఉన్న కెపాసిటీ చూసి కొనకండి. ఈ మిషన్లను పరీక్షించే 1998 నాటి ఐఎస్ఓ 13256 అంతర్జాతీయ ప్రమాణంలో గ్రౌండ్ లూప్ (నేలలో పైపులు వేసే పద్ధతి) రేటింగు 25 డిగ్రీల నీళ్లకు ఇస్తారు, బావి నీటి రేటింగు 15 డిగ్రీలకు. ఎండాకాలంలో మన బోర్లలో అలాంటి నీళ్లు రావు. 30 డిగ్రీల దగ్గర, 35 డిగ్రీల దగ్గర కెపాసిటీ ఎంత, కరెంటు ఎంత, ఈ రెండూ కాగితం మీద రాసివ్వమనండి. రాయనివాడి దగ్గర కొనొద్దు. గ్రౌండ్ సోర్స్ అన్న పేరుతోనే రావాలని కూడా లేదు, ఆ వేడి నీళ్లతో నడవగలిగిన మంచి వాటర్ కూల్డ్ ప్యాకేజ్డ్ యూనిట్ అయినా సరిపోతుంది.

అవసరానికి మించి పెద్దది పెట్టొద్దు. పెద్ద మిషను గదిని పది నిమిషాల్లో చల్లబరిచి ఆగిపోతుంది, తడి పిండే టైము దానికి దొరకదు. గది చల్లగా, జిడ్డుగా ఉంటుంది.

నీళ్లు టన్నుకు నిమిషానికి 11 లీటర్లు తిరగాలి. 12 టన్నులకు 132 లీటర్లు. పైపులు సరిగ్గా వేస్తే దీనికి ఒక హార్స్ పవర్ మోటారు చాలు. "అయిదు పెట్టేయండన్నా, టెన్షన్ ఉండదు" అంటాడు పంపుల షాపు కుర్రాడు. అయిదు హార్స్ పవర్ అంటే గంటకు దాదాపు నాలుగు యూనిట్లు, కంప్రెసరు దగ్గర మిగిల్చిందంతా అక్కడ పోతుంది. లోడును బట్టి వేగం తగ్గే పంపయితే మరీ మంచిది. మొదటిసారి నడిపే ముందు మాత్రం అద్దెకు పెద్ద పంపు తెచ్చి ఒక్కో బోరునూ విడివిడిగా కడగండి, పైపుల్లో చిక్కుకున్న గాలి అప్పుడే పోతుంది.

నీళ్లున్న బోరు ముందే ఉంటే

తోటలకు, పొలాలకు రోజూ నీళ్లు తోడే బోరు పక్కన ఆఫీసో, ఇల్లో ఉంటే ఇంత తతంగం అక్కర్లేదు. ఆ 28 డిగ్రీల నీళ్లను ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజరు గుండా పంపి, అయిదు డిగ్రీలు వేడెక్కాక అదే మొక్కలకు వదిలేయొచ్చు. బోర్ల ఖర్చు లేదు, వేడి పేరుకోవడం లేదు. నీళ్లు ముందు పరీక్ష చేయించండి. ఇనుము, సున్నం ఎక్కువుంటే ప్లేట్లు పూడిపోతాయి, ఉప్పు ఉంటే స్టీలు రకం మార్చాల్సి వస్తుంది. ఒకటే హెచ్చరిక: వ్యవసాయ ఉచిత కరెంటు మీద ఏసీ కోసం మోటారు తిప్పొద్దు, దానికి వేరే సర్వీసు తీసుకోండి. ఏసీ కోసమే నీళ్లు తోడి కాలువలో పారబోసే ఆలోచన అయితే నేను ఆ పని చేయను. చెరువులో పైపులు వేద్దామనీ కొందరంటారు. మే నెలలో చెరువులో ఎన్ని నీళ్లుంటాయో, అవెంత కాగుతాయో చూసి మాట్లాడండి.

రెండు పడకగదుల ఇల్లయితే వద్దు. డాబాకు ఖర్చు పెట్టి ఫైవ్ స్టార్ ఇన్వర్టర్ ఏసీలు కొనుక్కోండి. కల్యాణ మండపానికీ వద్దు, ముహూర్తాలున్న రోజులకే నడిచేదానికి బోర్ల డబ్బు ఎన్నటికీ తిరిగిరాదు. పగలూ రాత్రీ నడిచేవి, వేడినీళ్లు కావాల్సినవి, సముద్రం దగ్గర ఉన్నవి, ఇవే దీనికి తగిన భవనాలు.

పెట్టాక మిషను గదిలో ఒక రిజిస్టరు వేలాడదీయండి. బోర్లకు వెళ్లే నీళ్లు, వచ్చే నీళ్లు ఎన్ని డిగ్రీలో వారానికోసారి వాచ్‌మన్ చేత రాయించండి. ఏటా మే చివరి వారం అంకెలను ముందు ఏడాది మేతో పోల్చండి. వచ్చే నీళ్లు డిగ్రీ పెరిగాయంటే వచ్చే చలికాలం టవరును రాత్రిళ్లు ఇంకో నెల ఎక్కువ నడపాలి. 37 దాటితే బోర్ల మీద లోడు తగ్గించి టవరు మీద పెంచాలి.